పక్కింటివాళ్ళకిచ్చిన తాళంచెవి

జనవరిలో ఒక శనివారం సాయంత్రం ఐదింటికి నేను వైహెకే దీవి నుంచి ఆక్లాండ్ వచ్చే ఫెర్రీలో పై డెక్ మీద నిలబడి ఉన్నాను. తెనాలిలో అప్పుడు ఉదయం తొమ్మిదిన్నర. అమ్మ టిఫిన్ ముగించి, కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్లో నా చుక్క చూసుకునే వేళ. ఫోన్ మోగింది.

"ఒరేయ్, ఎక్కడున్నావు?"

"ఫెర్రీలో ఉన్నానమ్మా."

"అదేంటో నాకు తెలీదు. నువ్వు నీళ్ళలో ఉన్నావు. చుట్టూ అంతా నీలమే. పది నిమిషాల నుంచి చూస్తున్నాను, కదలట్లేదు."

ఫోన్ జేబులో ఉండి లొకేషన్ పంపడం మానేసినట్టుంది. నా ఫోటో ఉన్న గుండ్రటి చుక్క నడిసముద్రంలో ఆగిపోయింది. నవ్వొచ్చింది. "పడవలో ఉన్నానమ్మా, నాతోపాటు రెండొందల మంది ఉన్నారు" అన్నాను. అమ్మ నవ్వలేదు. "అయితే ఆ పడవని కూడా చూపించొచ్చుగా అందులో" అంది.

ఆరు నెలల కిందట సెలవు అయిపోయి బయల్దేరేటప్పుడు అమ్మ ఫోన్లో నేనే పెట్టిచ్చాను ఆ చుక్కని. నేను ఆపేదాకా ఆగని పద్ధతిలో పెట్టాను. ఆవిడ బెంగ తగ్గుతుందనుకున్నాను. ఆ పది నిమిషాల్లో ఆవిడ గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో తలుచుకుంటే, బెంగ తగ్గించానా, దానికో కిటికీ తెరిచి పెట్టానా అని అనుమానం వచ్చింది. ఈ అధ్యాయం ఆ అనుమానంలోంచి పుట్టింది.

తలుస్తాను అనే మాట

మన పాత ఉత్తరాలు గుర్తు తెచ్చుకోండి. ఉభయకుశలోపరి అని మొదలయ్యేవి. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని రాసేవారు. ఆ "తలుస్తాను"లో చాలా ఉంది. అవతలి మనిషి కనపడడు. అయినా బాగున్నాడనే అనుకుంటాం. మళ్ళీ ఉత్తరం వచ్చేదాకా ఆ అనుకోవడం మీదే రోజులు గడుపుతాం. తర్వాత ఎస్టీడీ బూత్‌ల కాలం వచ్చింది. "చేరగానే ఒక రింగ్ ఇచ్చి పెట్టేయ్" అనేవారు. అవతల ఎత్తకపోతే పైసా ఖర్చు లేదు, వార్త మాత్రం చేరిపోయేది.

ఇప్పుడు తలుచుకోనక్కర్లేదు, తెరిచి చూసుకోవచ్చు. గూగుల్ 2009లోనే లాటిట్యూడ్ పేరుతో ఈ పని మొదలుపెట్టి 2013లో మూసేసింది. ఆపిల్ 2011లో ఫైండ్ మై ఫ్రెండ్స్ తెచ్చింది. 2017 మార్చిలో గూగుల్ మ్యాప్స్‌లోకి, అదే ఏడాది అక్టోబర్‌లో వాట్సాప్‌లోకి లైవ్ లొకేషన్ వచ్చాయి. అప్పటికే అమ్మమ్మల చేతుల్లో వాట్సాప్ ఉంది కాబట్టి, ఆ సంవత్సరంతో ఇది మనింటి విషయమైపోయింది.

సౌకర్యం ఇంటికొచ్చింది కానీ మర్యాద ఇంకా రాలేదు. ఎవరి చుక్క ఎవరు, ఎంతసేపు, ఎందుకు చూడొచ్చన్న పద్ధతి మనకి పెద్దవాళ్ళెవరూ నేర్పలేదు. వాళ్ళ కాలంలో ఇది లేదు. అందుకని మనమే ఒక పద్ధతి తయారు చేసుకోవాలి.

తాళంచెవి సూత్రం

పద్ధతి కోసం కొత్తగా వెతకనక్కర్లేదు. ఊరెళ్తూ పక్కింటి పిన్నిగారికి తాళంచెవి ఇస్తాం కదా. ఎందుకిస్తున్నామో ఆవిడకి తెలుసు: మొక్కలకి నీళ్ళు పొయ్యాలి, పాలబ్బాయికి చెప్పాలి. ఎన్నాళ్ళకో తెలుసు. మనం తిరిగి రాగానే, అడగకముందే, కాఫీ గ్లాసుతోపాటు తాళంచెవి కూడా తెచ్చిస్తుంది. తీసుకున్నందుకు ఆవిడ నొచ్చుకోదు. నా దగ్గరే ఉండనివ్వండి అని ఆవిడ అంటే మాత్రం మనకి అదోలా ఉంటుంది.

లొకేషన్ కూడా ఇలాంటి తాళంచెవే. ఇచ్చే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎందుకు? ఎంతసేపు? ఎలా తిరిగొస్తుంది?

మూడో ప్రశ్ననే అందరూ మర్చిపోతారు. అసలు తంటా అక్కడే. వాట్సాప్‌లో 15 నిమిషాలు, 1 గంట, 8 గంటలు అని గడువులుంటాయి. గూగుల్ మ్యాప్స్‌లో గడువు పెట్టుకోవచ్చు, మీరు ఆపేదాకా అని కూడా పెట్టుకోవచ్చు. ఈ చివరిది నొక్కే ముందు ఒక్క క్షణం ఆగండి. గడువు దానంతటదే తీరిపోతే ఎవరి మనసూ కష్టపడదు. ఆరు నెలలు వెలిగిన చుక్కని ఒక మంగళవారం మీరు ఆపితే, "ఏమైంది, ఏం దాస్తున్నావ్?" అన్న ప్రశ్న వచ్చి తీరుతుంది. మొదటి రోజు గడువు పెట్టుకున్నవాళ్ళకి చివరి రోజు సంజాయిషీ చెప్పుకునే పని ఉండదు.

ఒక ఉదాహరణ చెప్తాను. పెట్రోల్ బంకులో, డెయిరీలో (ఇక్కడ సందు చివరి కిరాణా కొట్టుని అలాగే అంటారు) రాత్రి షిఫ్టు చేసే మన విద్యార్థులు చాలామంది ఉన్నారు. పదకొండింటికి షట్టర్ దించి, క్యాష్ లెక్క అప్పజెప్పి, బస్సు దిగి, నిర్మానుష్యంగా ఉన్న వీధిలో పదిహేను నిమిషాలు నడవాలి. వాట్సాప్‌లో 8 గంటల గడువు షిఫ్టుకి కొలిచి పెట్టినట్టే ఉంటుంది. కానీ షిఫ్టు మొత్తానికీ చుక్క అక్కర్లేదు. భయం దారిలో ఉంది కాబట్టి దారికే పెట్టాలి. షట్టర్ దించగానే ఒక గంట పెట్టి ఫ్లాట్‌మేట్‌కి పంపితే చాలు. చూస్తానని ఒప్పుకున్న ఆ ఫ్లాట్‌మేట్ మాత్రం నిద్రపోకూడదు. చూసే దిక్కు లేని చుక్క వల్ల ధైర్యమైతే వస్తుంది, రక్షణ రాదు.

చుక్క చెప్పేది ఎంత?

ఆ చుక్క ఫోన్ ఎక్కడుందో చెప్తుంది. మనిషి ఎక్కడున్నాడో, ఎలా ఉన్నాడో దానికి తెలీదు. ఆరుబయట జీపీఎస్ కొన్ని మీటర్ల తేడాతో చూపిస్తుంది. క్వీన్ స్ట్రీట్‌లాంటి చోట, ఎత్తైన భవనాల మధ్య, సిగ్నల్ గోడలకి తగిలి చెదిరిపోయి చుక్క పక్క వీధిలోకి గెంతుతుంది. గూగుల్ మ్యాప్స్‌లో చుక్క చుట్టూ ఒక్కోసారి లేత వలయం కనిపిస్తుంది. ఆ వలయంలో ఎక్కడైనా ఉండొచ్చని దానర్థం. అది పెద్దదైతే చుక్కని నమ్మకండి.

దాంతోపాటు అది ఎప్పటి సమాచారమో కూడా చూడండి. ఇరవై నిమిషాల కిందటిదని రాసి ఉంటే అది ఇరవై నిమిషాల కిందటి మనిషి. బ్యాటరీ సేవర్ వేసినా, యాప్‌ని వెనకాల నడవనివ్వకపోయినా చుక్క ఆగిపోతుంది. గూగుల్ మ్యాప్స్ అవతలివాళ్ళ బ్యాటరీ ఎంత శాతం ఉందో కూడా చూపిస్తుంది. 4 శాతం అని కనిపించాక చుక్క ఆగితే అందులో మిస్టరీ ఏమీ లేదు, ఛార్జర్ లేదంతే.

ఈ రెండు సంగతులూ అమ్మకి మొదటి రోజే చెప్పి ఉంటే ఆ శనివారం ఆవిడ సముద్రం చూసి హడలిపోయేది కాదు.

సిగ్నల్ లేని చోట

న్యూజిలాండ్‌లో జనం ఉన్న చోట దాదాపు అంతటా సిగ్నల్ ఉంటుంది. జనం లేని నేల ఇక్కడ చాలా ఎక్కువ. మనం సెలవులకి వెళ్ళేది సరిగ్గా అక్కడికే. టె అనావు నుంచి మిల్ఫర్డ్ సౌండ్‌కి దాదాపు 120 కిలోమీటర్ల రోడ్డు, అందులో చాలా దూరం ఫోన్ పలకదు. టోంగరీరో ఆల్పైన్ క్రాసింగ్ దాదాపు 20 కిలోమీటర్ల కొండదారి. పొద్దున ఎండగా ఉన్నది మధ్యాహ్నానికి గాలి, మంచు అయిపోవచ్చు. ఇలాంటి చోట లైవ్ లొకేషన్ ఒక్కదాన్నే నమ్ముకుని బయల్దేరకూడదు.

ఇక్కడివాళ్ళు ఫోన్లు రాకముందే దీనికో పద్ధతి పెట్టుకున్నారు. కొండల్లో పరిరక్షణ శాఖ వాళ్ళ హట్లలో ఒక పుస్తకం ఉంటుంది. వచ్చినవాళ్ళు పేరు, ఎక్కడి నుంచి వచ్చారు, రేపు ఎటు వెళ్తున్నారు అని రాసి వెళ్తారు. ఎవరైనా తప్పిపోతే వెతికేవాళ్ళు మొదట ఆ పుస్తకమే తెరుస్తారు. పెన్నుతో పంచుకునే లొకేషన్ అన్నమాట. దానికి బ్యాటరీ అయిపోదు.

మీరు బయల్దేరే ముందు చేయాల్సింది ఇది. ఒక నమ్మకస్తుడికి ఈ వివరాలతో మెసేజ్ పెట్టండి: ఎవరెవరు వెళ్తున్నారు, ఏ దారి, ఏ కారు, నంబరెంత, ఎప్పటికి తిరిగొస్తారు. చివర్లో ఇంకో వాక్యం తప్పకుండా ఉండాలి: "ఆదివారం రాత్రి 8 గంటలకల్లా నా నుంచి కబురు రాకపోతే 111కి ఫోన్ చేసి పోలీసులని అడుగు." ఈ గంట ముందే రాసిపెట్టుకుంటే అవతలి మనిషి ఇప్పుడు చెయ్యాలా, ఇంకాసేపు ఆగాలా అని కొట్టుకులాడనక్కర్లేదు. మౌంటెన్ సేఫ్టీ కౌన్సిల్ వాళ్ళ ప్లాన్ మై వాక్ యాప్‌లో ఇలాంటి ప్రణాళిక తయారు చేసుకుని పంపుకోవచ్చు.

ఆ నమ్మకస్తుడు న్యూజిలాండ్‌లోనే ఉండాలి. మన వాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. తెనాలి నుంచి 111 నొక్కితే ఇక్కడి పోలీసులకి వెళ్ళదు. అమ్మకి చుక్క పంపండి, కాదనను. బాధ్యత మాత్రం హామిల్టన్‌లో ఉన్న స్నేహితుడికో, క్రైస్ట్‌చర్చ్‌లో ఉన్న వదినకో అప్పగించండి. ఆ స్నేహితుడి నంబరు అమ్మ దగ్గర ఉంచండి.

మారుమూలకి వెళ్తే పర్సనల్ లొకేటర్ బీకన్ అద్దెకి తీసుకోండి. బొత్తిగా చిన్న డబ్బా, జేబులో పడుతుంది. మీట నొక్కితే 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహాలకి సంకేతం పంపుతుంది, ఇక్కడి రెస్క్యూ కోఆర్డినేషన్ సెంటర్‌కి అందుతుంది. కొనుక్కుంటే రిజిస్టర్ చేయించాలి, దానికి డబ్బు తీసుకోరు. ఫోన్లు కూడా కొంత ముందుకొచ్చాయి. ఐఫోన్ 14, ఆ తర్వాతి వాటిలో ఉపగ్రహం ద్వారా ఎస్ఓఎస్ పంపే సౌకర్యం 2023 మేలో ఇక్కడ మొదలైంది. 2024 డిసెంబర్‌లో వన్ ఎన్‌జెడ్ స్టార్‌లింక్ ఉపగ్రహాల ద్వారా మెసేజ్‌లు పంపే సేవ తెచ్చింది. సిగ్నల్ ఉన్న చోట 111 నొక్కితే, 2017 నుంచి, ఫోనే మీ లొకేషన్‌ని అత్యవసర సిబ్బందికి పంపుతుంది. ఎక్కడున్నారో మీరు చెప్పలేకపోయినా ఫర్వాలేదు.

2023 ఫిబ్రవరిలో గాబ్రియేల్ తుఫాను హాక్స్ బే మీద విరుచుకుపడినప్పుడు కరెంటు పోయింది, దాంతో టవర్లూ పోయాయి. తమ వాళ్ళు ఫోన్లో దొరకడం లేదని పోలీసుల దగ్గర వేల పేర్లు నమోదయ్యాయి. వాళ్ళలో ఎక్కువమంది ఇళ్ళలోనో, బంధువుల దగ్గరో క్షేమంగా ఉన్నారు, కబురు చేర్చే దారి లేదంతే. ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకి ముందే చెప్పి పెట్టాల్సిన మాట ఇది: "చుక్క ఆగిందంటే టవర్ ఆగింది అనుకోండి. ఒక రోజు చూసి ఫలానా వాళ్ళకి ఫోన్ చెయ్యండి." చూశారా, మళ్ళీ "తలుస్తాను" దగ్గరికే వచ్చాం.

లైబ్రరీలో చదువుకున్న చుక్క

మా అమ్మాయికి పదిహేనేళ్ళు వచ్చినప్పుడు ఫోన్ కొనిచ్చి, దాంతోపాటు చుక్క కూడా తగిలించాం. అడగలేదు, చెప్పామంతే. ఒక శనివారం లైబ్రరీకి వెళ్తున్నానంది. మధ్యాహ్నమంతా చుక్క లైబ్రరీలోనే ఉంది. కదలకుండా అంతసేపు చదువుతోందని మురిసిపోయాను. మూసే వేళకి తీసుకొద్దామని వెళ్ళి, కారులోంచి ఫోన్ చేశాను. ఎవరో పెద్దావిడ ఎత్తింది. "ఈ ఫోన్ ఇక్కడ కుర్చీ కింద దొరికింది, మీదేనా?" అంది.

ఇరవై నిమిషాలు ఆ కార్ పార్కులో ఎలా గడిచాయో చెప్పలేను. తర్వాత ఒక పాత కారు వచ్చి ఆగింది. మా పిల్ల దిగింది. చెప్పులు చేతిలో ఉన్నాయి, పాదాలకి ఇసుక. నలుగురు స్నేహితులు మరాయెటై బీచ్‌కి వెళ్ళొచ్చారు. నడిపిన అబ్బాయిది రెస్ట్రిక్టెడ్ లైసెన్స్. ఆ లైసెన్స్ మీద పక్కన అర్హత ఉన్న పెద్దవాళ్ళు లేకుండా స్నేహితుల్ని ఎక్కించుకోకూడదు. రాత్రి పది నుంచి తెల్లవారుజాము ఐదు దాకా ఒంటరిగా నడపకూడదు.

ఇంటికొచ్చాక అరిచాను. ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తే అసలు సంగతి అర్థమైంది. దారిలో ఏదైనా జరిగి ఉంటే మా పిల్ల దగ్గర ఫోన్ లేదు. నా చుక్క కోసం ఫోన్ వదిలేసి వెళ్ళింది. భద్రతకని తగిలించిన వస్తువే ఆ రోజు దాని చేతిలోంచి ఫోన్ తీసేసింది.

చట్టం ప్రకారం ఇక్కడ 14 ఏళ్ళ లోపు పిల్లల్ని తగిన పర్యవేక్షణ లేకుండా వదిలేయకూడదు. చిన్నపిల్లల విషయంలో చుక్క ఆ పర్యవేక్షణకి చేదోడు మాత్రమే. పిల్లలు పెరిగేకొద్దీ అది ఒప్పందం కావాలి. మేం మర్నాడు కూర్చుని రాసుకున్నది ఇప్పటికీ ఫ్రిజ్ తలుపు మీదుంది:

1. ఎవరి బండైనా సరే, ఎక్కితే చుక్క వెలుగుతుంది. దిగి చేరాక ఆరిపోతుంది.
2. అమ్మగానీ నాన్నగానీ చూస్తే, చూశామని చెప్తారు.
3. ఎక్కడి నుంచైనా, ఎన్నింటికైనా "వచ్చి తీసుకెళ్ళు" అంటే వస్తాం. తిట్లు మర్నాటికి వాయిదా.
4. అమ్మానాన్నల చుక్కలు కూడా కనపడాలి.

నాలుగోది మా అమ్మాయి పెట్టిన షరతు. సరేలే, మా దగ్గర దాచేదేముందని ఒప్పుకున్నాను. పదిరోజులు తిరక్కముందే భోజనాల దగ్గర అడిగింది: "నాన్నా, షుగర్ పెట్టుకుని సాండ్రింగ్‌హామ్‌లో మిఠాయి కొట్టు దగ్గర ఇరవై నిమిషాలు ఏం చేస్తున్నావ్?" మా ఆవిడ గరిటె పట్టుకుని నావైపు తిరిగింది. నేను చేసింది తప్పే. అయినా ఆ క్షణంలో నాకు కలిగింది పశ్చాత్తాపం కాదు, ఒళ్ళుమంట. నన్ను చూస్తున్నారా అన్న మంట. కార్ పార్కులో చెప్పులు పట్టుకుని నిలబడ్డ పిల్ల మొహంలో కనిపించింది అదేనని అప్పుడు తెలిసింది. తల్లిదండ్రులందరూ ఒక వారం తమ చుక్కని పిల్లల చేతికిచ్చి చూడమని నా సలహా.

భార్యాభర్తల మధ్య

ఆలుమగలు ఒకరి చుక్క ఒకరు చూసుకోవడం మామూలైపోయింది. ఎక్కడిదాకా వచ్చారో చూసి అన్నానికి ఎసరు పెట్టుకోవచ్చు. మోటర్‌వే మీద ట్రాఫిక్‌లో ఉన్న మనిషికి ఫోన్ చేసి విసిగించక్కర్లేదు. ఇద్దరికీ ఇష్టమై, ఇద్దరికీ కనపడి, ఎవరు ఆపినా గొడవ లేకపోతే మంచిదే.

ఎక్కడ చెడుతుందో గుర్తుపట్టడానికి ఒక పరీక్ష ఉంది. వారం రోజులు ఆపేద్దాం అని మామూలుగా అనగలరా? అనడానికే భయమేస్తే అక్కడ చుక్క పంచుకోవడం లేదు, కాపలా ఉంది. ఆగిన ప్రతిచోటికీ లెక్క అడగడం, బ్యాటరీ అయిపోతే కోప్పడటం, ఉన్నచోటు వీడియోలో చూపించమనడం, ఒకరికే కనపడి రెండోవాళ్ళకి కనపడకపోవడం, ఇవన్నీ కాపలా గుర్తులే. "నమ్మకం ఉంటే దాపరికం ఎందుకు?" అని అడిగేవాళ్ళుంటారు. బాత్రూమ్ తలుపుకి గడియ పెట్టుకుంటే మొగుడి మీద నమ్మకం లేదనా?

పెళ్ళి చేసుకుని కొత్తగా ఈ దేశం వచ్చిన అమ్మాయికి ఇది ఇంకా బరువు. ఫోన్ ఆయన కొన్నది, ప్లాన్ ఆయన పేరు మీద ఉంది, వీసా ఆయన మీద ఆధారపడి ఉంది. అలాంటి చోట "సరే" అన్న మాటని ఒప్పుకోలు అనలేం. న్యూజిలాండ్ కుటుంబ హింస చట్టం 2018లో వచ్చి, 2019 జూలై 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం చెయ్యి చేసుకుంటేనే హింస అని లేదు. మానసికంగా వేధించడం, బెదిరించి అదుపులో పెట్టుకోవడం కూడా హింస కిందికే వస్తాయి.

మీరు ఆ స్థితిలో ఉంటే ఒక జాగ్రత్త. చుక్కని ఉన్నపళంగా ఆపేయకండి. ఆపడమే అవతలి మనిషికి కోపం తెప్పించొచ్చు. ముందు ఇంకొకరి ఫోన్ నుంచి మాట్లాడండి. శక్తి అనే సంస్థ 1995 నుంచి ఆసియా, ఆఫ్రికా, మధ్యప్రాచ్యం నుంచి వచ్చిన స్త్రీలకి అండగా ఉంది, నంబరు 0800 742 584. ఉమెన్స్ రెఫ్యూజ్ నంబరు 0800 733 843. ఇక్కడి చాలా వెబ్‌సైట్ల అడుగున కంప్యూటర్ తెరలాంటి చిన్న బొమ్మ ఉంటుంది. అది నొక్కితే ఉమెన్స్ రెఫ్యూజ్ సహాయం తెరుచుకుంటుంది, ఫోన్ బ్రౌజర్ చరిత్రలో ఆనవాలు మిగలదు. కుటుంబ హింసకి గురైన వలసదారుల కోసం వేరుగా వీసాలు కూడా ఉన్నాయి. షరతులు ఉంటాయి, కాబట్టి ఆ సంస్థల ద్వారానే కనుక్కోండి. ప్రాణాపాయమైతే 111. మీకు తెలియని ట్రాకర్ ఏదో మీతో కదులుతోందని ఫోన్ హెచ్చరిస్తే కొట్టిపారేయకండి. ఐఫోన్‌లోనూ, ఆండ్రాయిడ్‌లోనూ ఆ హెచ్చరికలు వస్తాయి.

పెద్దవాళ్ళ చుక్క

మా మామగారు మొదటిసారి వచ్చినప్పుడు పాపటోయ్‌టోయ్‌లో ఉండేవాళ్ళం. పొద్దున్నే వాకింగ్‌కి వెళ్ళేవారు. అన్నీ ఒకేలాంటి వీధులు, ఒకేలాంటి చెక్క కంచెలు, రోడ్డు మీద ఒక్క మనిషి కనపడడు. ఒకరోజు మా వీధి అనుకుని మూడు వీధుల అవతల ఒకరి గేటు తీయబోయారట. ఆయన ఫోన్లో లొకేషన్ పెడదామని, ఆయన నిద్రపోతున్నప్పుడు మా బావమరిది ఫోన్ తీయబోతే నేనే ఆపాను. లేచాక అడిగాం. "మంచిదేగా, నేను తప్పిపోతే మీరే వెతుక్కుంటూ రావాలి" అని నవ్వారు. అడిగితే ఆయన పెద్దరికం ఆయనకి ఉంది. అడక్కపోతే ఆయన మా ఇంట్లో సామాన్లలో ఒకటయ్యేవారు.

మతిమరుపు ముదిరినవాళ్ళ సంగతి వేరు, ఫోన్ పట్టుకెళ్ళాలనే వాళ్ళకి గుర్తుండదు. అలాంటివాళ్ళ కోసం ఇక్కడ వాండర్‌సెర్చ్ అనే ఏర్పాటు ఉంది. చిన్న రేడియో పెండెంట్ ఇస్తారు. తప్పిపోతే పోలీసులూ, ల్యాండ్ సెర్చ్ అండ్ రెస్క్యూ స్వచ్ఛంద సేవకులూ దాని సంకేతం పట్టుకుని వెతుకుతారు.

ఇంకో చిక్కు చెప్తాను. అమ్మ ఒకసారి గుంటూరులో పెళ్ళికని బయల్దేరి నాకు 8 గంటల చుక్క పంపింది. మధ్యాహ్నం చూస్తే చుక్క కొత్తపేటలో, ఆసుపత్రులున్న వీధిలో ఉంది. గంటన్నర అక్కడే. వెంటనే ఫోన్ చేసి "ఆసుపత్రిలో ఏం చేస్తున్నావ్?" అని నిలదీయాలనిపించింది. ఆపుకున్నాను. రాత్రి మామూలుగా చేసి "ఎలా ఉన్నావమ్మా" అన్నాను. పెళ్ళి భోజనం గురించి చెప్పింది. రెండోరోజు "ఎలా ఉంది ఒంట్లో" అన్నాను. మూడోరోజు ఆవిడే చెప్పింది, మోకాళ్ళ ఎక్స్‌రే తీయించుకున్నానని. దారి కోసం ఇచ్చిన చుక్క దారి గురించే మాట్లాడాలి. అది పొరపాటున ఇంకేమైనా చెప్పేస్తే, పక్కింటి పిన్నిగారు మనింట్లో చూసినదాన్ని చూడనట్టు ఊరుకుంటుందే, అలా ఊరుకోవడం మనమూ నేర్చుకోవాలి.

మధ్యలో ఉన్న మూడోవాళ్ళు

చుక్క నా నుంచి అమ్మకి తిన్నగా వెళ్ళదు. మధ్యలో ఒక కంపెనీ ఉంటుంది. వాట్సాప్ లైవ్ లొకేషన్‌కి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది, అంటే పంపినవాళ్ళూ అందుకున్నవాళ్ళూ తప్ప మధ్యవాళ్ళు చదవలేరు. అన్ని యాప్‌లూ అలా ఉండవు. కుటుంబాల కోసమే పుట్టిన లైఫ్360 వినియోగదారుల లొకేషన్ సమాచారం అమ్ముతోందని 2021 డిసెంబర్‌లో ది మార్కప్ పత్రిక బయటపెట్టింది. మరుసటి నెలలో ఆ అమ్మకాలు చాలావరకు ఆపేస్తున్నామని కంపెనీ ప్రకటించింది. పరుగు, సైకిల్ లెక్కలు చూపే స్ట్రావా ప్రపంచ పటంలో సైనిక స్థావరాల లోపలి దారులు కూడా వెలిగిపోయాయని 2018 జనవరిలో లోకానికి తెలిసింది. పేర్లు లేకపోయినా, రోజూ నడిచే దారే మనిషిని పట్టిస్తుంది.

ఇక చట్టం సంగతి. న్యూజిలాండ్ ప్రైవసీ చట్టం 2020 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. కంపెనీలకి, ఆఫీసులకి గట్టి నియమాలు పెట్టింది. ఒకరి ఇంటి వ్యవహారాల్లో మాత్రం, మరీ దారుణంగా ఉంటే తప్ప, అది పెద్దగా కలగజేసుకోదు. కాబట్టి ఇంటి లోపలి చట్టం ఇంటివాళ్ళే రాసుకోవాలి. ఫ్రిజ్ తలుపు అందుకు చాలు.

ఈ వారం చేయాల్సిన పనులు

ఈ ఆదివారం ఒక అరగంట కేటాయించండి. కుటుంబమంతా కూర్చుంటే ఇంకా మంచిది.

1. ఫోన్లో గూగుల్ మ్యాప్స్, ఫైండ్ మై, వాట్సాప్, స్నాప్‌చాట్ తెరిచి మీ చుక్క ఎవరెవరికి కనిపిస్తోందో కాగితం మీద రాయండి. పాత రూమ్మేట్, మూడేళ్ళ కిందటి ట్రిప్ గ్రూపు కనిపిస్తే ఆశ్చర్యపోకండి.
2. ప్రతి పేరు పక్కన ఎందుకో రాయండి. కారణం దొరకని పేరు తీసేయండి. తీసే ముందు ఒక మెసేజ్ పెట్టండి: "సెట్టింగులు సర్దుకుంటున్నాను, అవసరమైనప్పుడు మళ్ళీ పంపుతాను."
3. లొకేషన్ అనుమతి ఉన్న యాప్‌లు చూడండి. టార్చ్‌కి, ఆటలకి మీ ఇల్లు ఎక్కడో తెలియక్కర్లేదు. అవసరమైన వాటిలో కూడా యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే అని పెట్టండి. వాతావరణం చూపే యాప్‌కి ఊరు తెలిస్తే చాలు, ఖచ్చితమైన లొకేషన్ ఆపేయొచ్చు.
4. న్యూజిలాండ్‌లో ఒక నమ్మకస్తుణ్ణి ఎంచుకుని, ఆయన నంబరు ఊళ్ళో అమ్మానాన్నలకి ఇవ్వండి. వాళ్ళ నంబరు ఆయనకి ఇవ్వండి.
5. ఆపేదాకా ఆగని చుక్క ఒకటైనా ఉంటే దాన్ని గడువున్న చుక్కగా మార్చండి. మార్చే ముందు ఆ మనిషితో మాట్లాడండి.

ఐదోది నేనూ చేశాను. ఫెర్రీ దిగిన మరుసటి ఆదివారం అమ్మకి ఫోన్ చేసి, ఇక రోజూ చుక్క ఉండదు, దూరం వెళ్ళినప్పుడు పంపుతానని చెప్పాను. "మరి నాకెలా తెలుస్తుందిరా, ఇంటికి చేరావో లేదో?" అంది.

"చేరగానే ఒక రింగ్ ఇస్తానమ్మా. ఎత్తకు. రింగొచ్చిందంటే చేరినట్టే."

అప్పటి నుంచి ఎక్కడికి వెళ్ళొచ్చినా చెప్పులు విడిచి, తలుపు గడియ వేసి ఒక రింగ్ ఇస్తున్నాను. ఎత్తొద్దని ఎన్నిసార్లు చెప్పినా, రెండో రింగు మోగేలోపే ఎత్తేస్తుంది.